పట్టుపురుగు రక్తంలో కాపలాదారులు

ఐదో దశ, నాలుగో రోజు. ఆకు కోసి కోసి ఇంటిల్లిపాదికీ చేతులు కాయలు కాచిన సమయం. ఇంకో మూడు రోజులు ఓపిక పడితే పురుగు పండుతుంది, చంద్రికలెక్కుతుంది. పది రోజులు తిరిగేసరికి గూళ్లు హిందూపురం మార్కెట్‌లో ఉంటాయి. అప్పు ఇచ్చినవాడికీ అదే మాట చెప్పి ఉంటాం. సరిగ్గా అప్పుడే పురుగు మేత ముట్టడం మానేస్తుంది. తల కింద భాగం ముడుచుకుపోతుంది. కొన్ని వాంతి చేసుకుంటాయి, కొన్నింటికి విరేచనం. మర్నాటికి ఒళ్లు మెత్తబడి, నల్లబడి, షెడ్డంతా కుళ్లు వాసన.

మూడేళ్ల కిందట మడకశిర దగ్గర మా బావమరిది షెడ్డులో జరిగింది ఇదే. నూటయాభై గుడ్లు మేపుతున్నాడు. ఒక్కో తల్లి చిలక పెట్టిన గుడ్లలో నాలుగు వందల నుంచి ఐదు వందల పురుగుల దాకా వస్తాయి కాబట్టి మొత్తం మీద అరవై వేల పైచిలుకు పురుగులు. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా తినేది ఐదో దశలోనే. అంటే పెట్టుబడి చాలావరకు పెట్టేశాక పోయిన పంట అది. నేను వెళ్లేసరికి షెడ్డు బయట గుంత తవ్వుతున్నాడు.

''నిన్న సాయంత్రం దాకా బాగానే మేసినాయి బావా. ఒక్క రాత్రిలో ఇన్ని పురుగులకు ఒకేసారి ఎట్లా వస్తుంది రోగం?'' అన్నాడు.

ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత పట్టు శాస్త్రజ్ఞులను అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నదేమిటంటే, రోగం ఒక్క రాత్రిలో రాలేదు. పురుగు ఒంట్లో అంతకు ముందు కొన్ని రోజులుగా పోరాటం జరుగుతూనే ఉంది. మన కంటికి కనబడింది ఓడిపోయిన రోజు మాత్రమే.

ఎర్రగా లేని రక్తం

పురుగుకు రక్తం ఉందా అని అడిగేవాళ్లున్నారు. ఉంది. ఇంటర్‌లో బొద్దింకను కోసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అది ఎర్రగా ఉండదు. మనకు గాలిని మోసేది రక్తంలోని ఎర్రటి పదార్థం. పురుగుకు ఆ పని రక్తంతో లేదు. పక్కల్లో ఉండే చిన్న చిన్న రంధ్రాల నుంచి సన్నటి గొట్టాలు గాలిని నేరుగా ఒళ్లంతా చేరుస్తాయి. రక్తం రక్తనాళాల్లో కాకుండా ఒంటి ఖాళీలో నిండి, పేగునూ పట్టు గ్రంథులనూ తడుపుతూ ఉంటుంది. పెద్ద పురుగును వెలుతురులో పట్టుకుని వీపు మధ్య చూస్తే ఒక గీత కొట్టుకోవడం కనిపిస్తుంది. అదే దాని గుండె.

ఏరి పారేసే పురుగు ఒకటి తీసుకుని, కాలి దగ్గర సూదితో గుచ్చి, వచ్చిన బొట్టును తెల్లటి సాసరు మీద వేసి చూడండి. మొదట లేత పసుపు. కొద్ది నిమిషాల్లో అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ తర్వాత నల్లబడుతుంది. వంకాయ కోసి నీళ్లలో వేయకుండా వదిలేస్తే ముక్క నల్లబడటం లాంటిదే ఇది కూడా. (బొట్టు పాలలాగా తెల్లగా వచ్చిందంటే అది వేరే సంగతి. పాల రోగం పట్టిందన్న మాట. అది వైరస్ వల్ల వచ్చేది.)

ఆ నలుపు ఉత్త రంగు కాదు. పురుగుకు అదే ఆయుధం. ఊజీ ఈగ గుడ్డు పెట్టిన పురుగు మీద నల్ల మచ్చ పడుతుందని మన రైతులందరికీ తెలుసు. ఆ మచ్చ ఊజీ పెట్టింది కాదు. ఊజీ పిల్ల తొలుచుకుని లోపలికి పోయినచోట పురుగు తన రక్తంతో వేసుకున్న కట్టు అది. మన వెంట్రుకలకు నలుపునిచ్చే మెలనిన్ అనే పదార్థమే అక్కడ గడ్డకట్టి గాయాన్ని మూస్తుంది. ఊజీ పిల్ల అప్పటికే లోపలికి చేరి ఉంటుంది కాబట్టి ఆ కట్టు పురుగును బతికించలేదు. అది వేరే విషయం.

అయిదు రకాల కణాలు

పట్టుపురుగు రక్తంలో అయిదు రకాల కణాలున్నాయి. వీటన్నింటినీ కలిపి హీమోసైట్లు అంటారు. అందులో ప్రోహీమోసైట్లు ఇంకా ఎదగని పిల్ల కణాలు. స్ఫెరులోసైట్ల జోలికి ఇక్కడ పోనక్కర్లేదు. మిగిలిన మూడే మనకు ముఖ్యం. గ్రాన్యులోసైట్లు కాపలా తిరిగేవి. సూక్ష్మజీవి ఎదురైతే పాదాల్లాంటి కొమ్మలు చాచి, చుట్టేసి, మింగేస్తాయి. ప్లాస్మాటోసైట్లు పెద్ద శత్రువు వచ్చినప్పుడు దాని చుట్టూ పొరలు పొరలుగా అంటుకుని గోరీ కట్టేస్తాయి. ఈనోసైటాయిడ్ల సంచుల్లో నలుపుకు కావలసిన ముడిసరుకు ఉంటుంది.

సూక్ష్మజీవులు నాలుగైదు అయితే మింగడంతో సరిపోతుంది. ఎక్కువైతే కణాలు గుంపులుగా చేరి, తమ జిగురులో బాక్టీరియాను ముద్దలుగా చుట్టి, నల్లగా గట్టిపరిచి పక్కన పడేస్తాయి. బాక్టీరియా సోకి బతికి బట్టకట్టిన పురుగును ప్రయోగశాలలో కోసి చూస్తే లోపల ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు కనబడతాయి. గెలిచిన పోరాటాల గుర్తులవి.

కణాలు సూక్ష్మజీవిని మింగుతాయన్న సంగతి బయటపడింది 1882లో. ఇటలీలోని మెస్సీనాలో ఉంటున్న రష్యా శాస్త్రజ్ఞుడు మెచ్నికాఫ్ నక్షత్ర చేప పిల్ల ఒంట్లో ముల్లు గుచ్చి పెట్టాడు. అద్దంలాగా లోపల కనిపించే జీవి అది. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చింది ఈ పని మీదనే.

దొంగ పశువును ఎట్లా గుర్తుపడతాయి?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కణానికి కళ్లు లేవు. తన ఒంటి కణమేదో, పైనుంచి వచ్చిన బాక్టీరియా ఏదో దానికి ఎలా తెలుస్తుంది?

ఊళ్లో చేనులో పడ్డ పశువును చూసి అది ఎవరిదో వాతను బట్టి చెప్పేవాళ్లు ఒకప్పుడు. ముద్ర కనబడితే బందెలదొడ్డికి తోలేవాళ్లు. ఇక్కడా అంతే. బాక్టీరియా ఒంటికి ఒక గోడ ఉంటుంది. చక్కెర పోగులను చిన్న చిన్న ప్రొటీను ముక్కలతో ముడివేసి గోనెసంచిలాగా నేసిన గోడ. దాని పేరు పెప్టిడోగ్లైకాన్. ఆ నేత లేకపోతే చాలా బాక్టీరియాలు నిలవలేవు, పగిలిపోతాయి. పురుగు ఒంట్లో గానీ మన ఒంట్లో గానీ అలాంటి నేత తయారు కాదు. కాబట్టి ఆ గోనె పోగు రక్తంలో ఎక్కడ తగిలినా అది పరాయిదే.

ఆ పోగును పట్టుకునే ప్రొటీను ఒకటి ఉందని తేల్చింది జపాన్ శాస్త్రజ్ఞులు, 1996లో. దేని రక్తం నుంచి అనుకున్నారు? మన పట్టుపురుగు రక్తం నుంచే. పీజీఆర్‌పీ అని పేరు పెట్టిన ఆ ప్రొటీను బాక్టీరియా గోడను పట్టుకోగానే రక్తంలో ఒకదాన్ని ఒకటి తట్టి లేపినట్టు వరసగా ఎంజైములు మేల్కొంటాయి. చివరన నలుపు పుట్టించే ఎంజైము పని మొదలుపెడుతుంది. అలాంటి ప్రొటీన్లే తర్వాత ఈగల్లో, ఎలుకల్లో, మనిషిలో కూడా ఉన్నట్టు తేలింది. మన షెడ్డులో మేసే పురుగు ప్రపంచానికి నేర్పిన పాఠం ఇది. ఈ సంగతి మన రైతులకు ఎవరూ చెప్పినట్టు లేదు.

బాక్టీరియాలో రెండు జాతులు. ఒకదానికి ఈ గోనె గోడ మందంగా, బయటకే ఉంటుంది. రెండోదానికి గోడ పలచన, దాని మీద కొవ్వు, చక్కెర కలిసిన ఇంకో పొర. ఆ పై పొరలో ఉండే పదార్థాన్ని లైపోపాలిశాకరైడ్ అంటారు. పలకడానికి కష్టం కాబట్టి శాస్త్రజ్ఞులే ఎల్‌పీఎస్ అని కుదించుకున్నారు. పురుగులు ముఖ్యంగా ఎల్‌పీఎస్‌ను చూసే మేల్కొంటాయని చాలాకాలం అనుకున్నారు. పండ్ల ఈగల మీద 2003 ప్రాంతంలో చేసిన పరిశోధనల్లో అది నిజం కాదని, లోపలి గోనె పోగే వాటికి అసలు గుర్తు అని తేలింది. పట్టుపురుగు రక్తంలో మాత్రం ఎల్‌పీఎస్‌ను పట్టుకునే ప్రొటీను కూడా ఉంది. అది బాక్టీరియాను గుత్తులుగా చేర్చి రక్తకణాలకు అప్పగిస్తుంది.

గమనించాల్సిందేమిటంటే, పురుగు రక్తం లేవడానికి బతికున్న బాక్టీరియానే అక్కర్లేదు. చచ్చినదాని గోడ ముక్క ఎక్కించినా కణాలు గుంపు కడతాయి.

సొంత మందుల ఫ్యాక్టరీ

రక్తకణాలు పోరాడుతుండగానే కబురు ఒంట్లోని కొవ్వు కణజాలానికి చేరుతుంది. మన కాలేయం లాంటి పని చేసేది ఇది. కొన్ని గంటల్లో అక్కడ బాక్టీరియాను చంపే చిన్న ప్రొటీన్లు తయారై రక్తంలోకి దిగుతాయి. స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం 1981లో సెక్రోపియా అనే పెద్ద చిలక ప్యూపాల నుంచి ఇలాంటి మందును మొదటిసారి వేరుచేసింది. ఆ చిలక పేరు మీదనే దాన్ని సెక్రోపిన్ అన్నారు. పట్టుపురుగులోనూ సెక్రోపిన్లు ఉన్నాయి. మోరిసిన్ అని మరొకటి దానిలోనే 1995లో దొరికింది. ఇవి బాక్టీరియా పైపొరకు చిల్లులు పొడుస్తాయి.

ఫ్రాన్స్‌లో జూల్స్ హాఫ్‌మన్ బృందం 1996లో పండ్ల ఈగలో టోల్ అనే జన్యువు బూజు తెగులు మీద కాపలా కాస్తుందని కనిపెట్టింది. దానిని పోలినదే ఎలుకలో ఎల్‌పీఎస్‌ను పసిగడుతుందని అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ 1998లో చూపించాడు. ఈ ఇద్దరికీ 2011లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈగ దగ్గర మొదలైంది మనిషి దాకా వచ్చింది.

మరి ఎందుకు ఓడిపోతుంది?

ఇన్ని ఉండీ షెడ్డు ఎందుకు తుడిచిపెట్టుకుపోతుంది? బాక్టీరియా మొదట ఉండేది పేగులోనే. ఆకు మీద, చేతుల మీద, తట్టల మీద ఉన్నది మేతతోపాటే లోపలికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పురుగు పేగు రసం గాఢమైన క్షారం. చాలా బాక్టీరియాలు అందులో పెరగలేవు. పేగు గోడ గట్టిగా ఉన్నంతకాలం రక్తంలోకి దారి లేదు. కానీ వానకు తడిసిన ఆకు, వేడెక్కి కమిలిన ఆకు, ముదురాకు వేసినప్పుడు, గాలి ఆడనప్పుడు, పురుగు మీద పురుగు పడేంత ఇరుకైనప్పుడు, ఎండ పెరిగి షెడ్డు ఉడికినప్పుడు అరుగుదల దెబ్బతింటుంది. పేగులో బాక్టీరియా పెరుగుతుంది, గోడ పలచబడుతుంది, రక్తంలోకి చొరబడుతుంది.

అక్కడినుంచి లెక్క తేలికే. అరగంటకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా ఒక్కటి తప్పించుకుంటే పన్నెండు గంటల్లో కోటీ అరవై ఏడు లక్షలు దాటుతుంది. రక్తకణాలు అంత వేగంగా పెరగవు. కాపలాదారులు మింగగలిగినన్ని మింగుతారు, ముద్దలు కడతారు, ఆపైన చేతులెత్తేస్తారు. సాయంత్రం మేసిన పురుగు తెల్లారేసరికి పడిపోవడానికి కారణం ఇదే. మా బావమరిది షెడ్డులో ఆ వారం వాన పడింది. జల్లు కొడుతోందని నాలుగు వైపులా టార్పాలిన్లు కట్టేశాడు, తడి ఆకే వేశాడు. అరవై వేల పురుగులకూ పెట్టిన మేత ఒకటే, పీల్చిన గాలీ ఒకటే. అన్నీ ఒకేసారి పడిపోవడంలో వింతేముంది?

ఫ్లాచరీ అని మనం పిలిచే ఈ రోగాన్ని పాశ్చర్ కూడా చూశాడు. 1865లో ఫ్రాన్స్ దక్షిణాదిన అలెస్ పట్నానికి పట్టుపురుగుల రోగం కనుక్కోవడానికి వెళ్లి, అక్కడ ఉన్నది ఒకటి కాదు, రెండు రోగాలని తేల్చాడు. తల్లి చిలకను నలిపి సూక్ష్మదర్శినిలో చూసి పెబ్రిన్ లేని గుడ్లనే ఉంచుకోమన్నాడు. ఈరోజు మనకు గుడ్ల కేంద్రాల్లో ఇచ్చే రోగరహిత గుడ్లు ఆ పద్ధతి ఫలితమే. కానీ గుడ్లు ఎంత శుభ్రమైనవైనా ఫ్లాచరీ షెడ్డులో పుడుతుంది. దానికి పాశ్చర్ కూడా గాలి, శుభ్రత, బలమైన పురుగు అన్నాడే తప్ప మందు చెప్పలేదు.

పక్క చేను మందుతో జాగ్రత్త

టమాటా, క్యాబేజీ రైతులు పచ్చపురుగు మీద బీటీ పొడి కొడతారు. అది బాసిల్లస్ థురింజియెన్సిస్ అనే బాక్టీరియా. దాన్ని మొదట కనిపెట్టింది ఎక్కడో తెలుసా? 1901లో జపాన్‌లో, ఇషివాటా అనే శాస్త్రజ్ఞుడు, చచ్చిన పట్టుపురుగుల్లో. ఆకుతోపాటు లోపలికి పోయిన బీటీ స్ఫటికం క్షారం ఉన్న పేగులో కరిగి, విషమై, పేగు కణాలకు రంధ్రాలు పెడుతుంది. పురుగుకు పక్షవాతం వచ్చినట్టు అవుతుంది. పేగులోని సరుకంతా రక్తంలో కలుస్తుంది. పైగా ఈ బాక్టీరియా పురుగు తయారుచేసుకున్న సెక్రోపిన్ మందును ముక్కలు చేసే ఎంజైమును కూడా వదులుతుందని 1984లోనే స్వీడన్‌లో కనుక్కున్నారు. తాళం పగలగొట్టడమే కాదు, కాపలావాడి చేతిలో కర్ర కూడా లాక్కుంటుందన్న మాట.

కాబట్టి మల్బరీ తోట పక్కన బీటీ కొట్టవద్దు. పక్క రైతుతో ముందే మాట్లాడుకోవాలి. కుప్పం, పలమనేరు, మదనపల్లి వైపు టమాటా, మల్బరీ గట్టు గట్టు కలిసి ఉంటాయి. గాలివాటున వచ్చిన పొడి పడిన ఆకు కోశామంటే షెడ్డులోకి మనమే శత్రువును మోసుకెళ్లినట్టు.

ఇదే విద్యను మనకు అనుకూలంగా వాడుకోవడమూ ఉంది. వేరు పురుగు మీద ప్రయోగించే హెటెరోరాబ్డిటిస్ అనే కంటికి కనబడని నులిపురుగు తన కడుపులో ఒక బాక్టీరియాను మోసుకెళ్లి వేరు పురుగు రక్తంలో వదులుతుంది. ఆ బాక్టీరియా ముందు రక్తకణాల పని పట్టి, మింగకుండా ఆపి, తర్వాత పురుగును చంపుతుంది. షెడ్డులో మనం ఏ కాపలాను కాపాడుకోవాలో, చేనులో ఆ కాపలానే దెబ్బతీయాలి.

పొట్లం మందుల సంగతి

మా బావమరిది ఆ పంటకు ముందు టౌనులో ఒక దుకాణంలో పొట్లాలు కొన్నాడు. ఆకు మీద చల్లితే పురుగుకు రోగనిరోధక శక్తి పెరుగుతుందని చెప్పారట. అందులో ఏముందో పొట్లం మీద రాసి లేదు. ఇలాంటివి అమ్మేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. కాపలాను లేపడం ఎప్పుడూ మేలే చేయదు. 2010లో టోక్యో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు మనిషి చిగుళ్లను పాడుచేసే ఒక బాక్టీరియాను వేడితో చంపి, పట్టుపురుగుకు ఎక్కించారు. చచ్చిన బాక్టీరియానే అయినా పురుగులు చచ్చాయి. విషం దాని గోడలోని పెప్టిడోగ్లైకాన్. అది పురుగు రక్షణ వ్యవస్థను అదుపు తప్పేలా రెచ్చగొట్టింది. నలుపు పుట్టడాన్ని అడ్డుకునే మందు ఇస్తే చావు ఆలస్యమైంది. అంటే చంపింది సూక్ష్మజీవి కాదు, పురుగు సొంత కాపలాయే.

మనకు వేసినట్టు టీకా వేయొచ్చు కదా అని అడగవచ్చు. టీకాతో మన ఒంట్లో పుట్టే యాంటీబాడీలు పురుగులో లేవు. చచ్చిన బాక్టీరియా కొద్దిగా ఎక్కిస్తే కొన్ని రోజులు గట్టిగా నిలబడతాయని కొన్ని కీటకాల్లో చూశారు. సరే, అరవై వేల పురుగులకు సూది ఎవరు వేస్తారు? పైగా ఈ పోరాటానికి పురుగు ఖర్చుపెట్టేది తిన్న మేత బలాన్నే. ఆ మేర గూడులో తగ్గుతుంది.

రైతు చేతిలో ఉన్నది కాపలాదారుల మీద పడే బరువు తగ్గించడం. పంట పంటకూ మధ్య షెడ్డు, తట్టలు, చంద్రికలు కడిగి, రెండు శాతం బ్లీచింగ్ పౌడరును 0.3 శాతం సున్నపు నీళ్లలో కలిపి పిచికారీ చేయాలి. సున్నం కలపకుండా ఉత్త బ్లీచింగ్ కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, అది సగం పని. ప్రతి జ్వరం నుంచి లేచాక, మేత వేయడానికి అరగంట ముందు విజేత పొడి చల్లాలి. ఐదో దశ నాలుగో రోజున ఇంకోసారి. ఈ చివరి విడతే ఎక్కువమంది ఎగ్గొడతారు, ఆకు కోత తొందరలో. పెద్ద పురుగుకు 24, 25 డిగ్రీల వేడి, డెబ్బై శాతం తేమ చాలు. వాన కాలంలో ఆకు ఆరబెట్టి వేయాలి. ఆరే వీలు లేకపోతే ఒక పూట ఆలస్యంగానైనా పొడి ఆకే వేయడం మంచిదని నా అభిప్రాయం. కిరికెర పట్టు పరిశోధన సంస్థ హిందూపురం పక్కనే ఉంది. రోగం అనుమానం రాగానే నాలుగు పురుగులను అక్కడికి తీసుకెళ్లి చూపించుకోవచ్చు. మన వాళ్లు పంట పోయాక వెళ్తారు.

పడిపోయిన పురుగులను చేత్తో ఏరి పేడదిబ్బ మీద వేయవద్దు. కోళ్లకూ వేయవద్దు. బ్లీచింగ్ నీళ్లున్న బేసినులో వేసి, తర్వాత సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. చేతులు కడుక్కోకుండా పక్క తట్ట ముట్టకూడదు.

మా బావమరిది ఈసారి వంద గుడ్లే పెట్టాడు. రెండో జ్వరం దాటిన చాకీ పురుగులు గురువారం వస్తాయి. షెడ్డు గోడలకు కొట్టిన సున్నం ఇంకా ఆరలేదు. టార్పాలిన్లు తీసేసి కిటికీలకు ఊజీ వల కట్టించాడు. మొన్న నేను వెళ్లినప్పుడు ఆకు ఆరబెట్టడానికి వసారాలో కొత్తగా వెదురు దడి అల్లుకుంటున్నాడు.